తల కోసం తలకిందుల సలహాలు

మా పిన్ని కొడుక్కి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. రోజుకు 9 గంటలు ఫోన్లో జనంతో మాట్లాడే పని. చేరకముందే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, హెడ్‌సెట్ కొనుక్కోమన్నారు. ఏటి కొనమంటావు?" అన్నాడు. నాకు తెలిసింది చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. "షాపులో అంతా దీనికి తలకిందులుగా చెప్పారన్నా" అన్నాడు.

తలకిందులే. కానీ ఒక్క మాట కూడా ఊరికే చెప్పలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో మా ఊరొచ్చేసి, కొబ్బరి తోటలో ఉన్న ఇంట్లోనే పని మొదలుపెట్టాను. తర్వాత విజయనగరంలో అద్దె ఇంటికి మారాను. ఇప్పటికీ ఇంటినుంచే పని. ఈ మధ్యలో ఐదు హెడ్‌సెట్లు మార్చాను. మొదటిదానికి ఎడమ చెవి వెనక పుండు పడింది. రెండోది ఎండాకాలం రాగానే నల్లటి పొట్టు రాల్చింది. మూడోది పెట్టుకున్న రోజుల్లో సాయంత్రానికి కణతలు నొప్పెట్టి అన్నం సయించేది కాదు. డబ్బు పోయినందుకు కాదు, నొప్పిని ఉద్యోగంలో భాగమనుకుని అన్నాళ్లు ఊరుకున్నందుకు బాధపడతాను. ఆ నొప్పి ఇంకెవరికీ రాకూడదని ఇది రాస్తున్నాను.

1. షాపులో పాట పెట్టి వినకండి

షాపులో హెడ్‌సెట్ అడగ్గానే ముందు పాట పెడతారు. డప్పు గుండెల్లో మోగితే మంచిదంటారు. మన పనికి డప్పుతో అవసరం లేదు. పాతకాలం నుంచి ఫోన్ లైన్లు మోసుకొస్తున్నది 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాన్నే. మనిషి మాట అర్థం కావడానికి అది చాలు. ఇప్పటి ఇంటర్నెట్ కాల్స్‌లో చాలావాటిలో అది 7000 దాకా, కొన్నింటిలో ఇంకా పైకి వెళ్తుంది. మాట స్పష్టంగా వినిపించడం మామూలు ధర హెడ్‌సెట్‌కైనా వచ్చు. అందరికీ రానిది తల మీద ఇబ్బంది పెట్టకుండా కూర్చోవడం.

కాబట్టి పాట వద్దనండి. ఏ శబ్దమూ లేకుండా 20 నిమిషాలు పెట్టుకుని షాపులోనే తిరగండి. మొదటి 5 నిమిషాల్లో ఏ హెడ్‌సెట్టయినా హాయిగానే ఉంటుంది. అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. మూడు చోట్ల వేలు పెట్టి చూసుకోండి: నడినెత్తి, చెవి వెనకాల ఎముక, దవడ మొదలు. అక్కడ వేడిగా గానీ మొద్దుగా గానీ ఉంటే అది మీది కాదు. పెట్టుకునే ఒక వక్కపలుకు నమలండి. నమిలినప్పుడు దవడ దగ్గర మెత్త కదిలి చెవికి రాసుకుంటుంటే, రోజంతా మాట్లాడినా అదే జరుగుతుంది. 20 నిమిషాలు పెట్టుకోనివ్వని షాపులో కొనకండి.

బరువు కూడా అక్కడే అడగండి. ఆటల కోసం చేసిన పెద్ద హెడ్‌సెట్లు 300 గ్రాములు దాటతాయి. ఆఫీసు కోసం చేసినవి చాలావరకు 100 నుంచి 150 గ్రాముల్లో వస్తాయి. అమెరికాలో ప్లాంట్రానిక్స్ కంపెనీ 1961లో పుట్టింది ఈ బరువు గొడవలోంచే. విమానాల్లో వాడే బరువైన హెడ్‌సెట్లతో విసిగిన పైలట్లు తేలికైనది తయారుచేయాలని మొదలుపెట్టారు. 1969లో చంద్రుడి మీది నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ పలికిన మాట వాళ్ల హెడ్‌సెట్ మైకులోంచే భూమికి చేరింది. చంద్రుడి దాకా తేలికైనదే సరిపోయినప్పుడు, మన తల మీద ఇత్తడి చెంబంత బరువెందుకు?

2. తలకు నూనె రాసుకుని, చెమటతో వెళ్లి కొనండి

పెళ్లికి వెళ్లినట్టు తయారై షాపుకి వెళ్లకండి. రోజూ పనిలో ఎలా కూర్చుంటారో అలాగే వెళ్లండి. నూనె రాసుకునే అలవాటుంటే రాసుకునే వెళ్లండి. వీలైతే మే నెలలో, మిట్టమధ్యాహ్నం. షాపు ఏసీలో ఏ మెత్తయినా మెత్తగానే ఉంటుంది. మన ఇళ్లలో ఉండేది ఫ్యాను, సముద్రపు గాలిలోని తడి.

చాలా హెడ్‌సెట్లకు మెత్తల మీద రెగ్జిన్ ఉంటుంది. చూడ్డానికి తోలులా నిగనిగలాడుతుంది. చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. చెమట, నూనె, గాలిలో తేమ మూడూ కలిస్తే రెగ్జిన్ పై పొర పగిలి, నల్లటి పొట్టు రాలి చెవులకు, మెడకు అంటుకుంటుంది. సోంపేట నుంచి భోగాపురం దాకా మన తీరమంతా ఇదే వాతావరణం. గుడ్డ మెత్తలున్నవి, ఆ మెత్తలు ఊడదీసి మార్చుకునే వీలున్నవి చూడండి. మార్పు మెత్తలు విడిగా దొరకని మోడల్ ఎంత మంచిదైనా, మెత్త చిరిగిన రోజే మొత్తం పారేయాల్సి వస్తుంది.

నేను చేసే పని ఇది. మా తాతగారి పాత పొందూరు ఖద్దరు పంచె ఒకటుండేది. దాన్ని గుండ్రంగా కత్తిరించి, చుట్టూ ఎలాస్టిక్ వేయించి, మెత్తలకు తొడుగులు కుట్టించాను. మొత్తం ఆరు జతలు. పొందూరులో దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. అంత ఓపికగా వడికిన నూలు గనకే ఆ గుడ్డ చర్మానికి అంత మెత్తగా తగులుతుంది. రోజుకో తొడుగు మార్చి, సాయంత్రం ఉతికి ఆరేస్తాను. తొడుగు వేస్తే డప్పులాంటి లోతు శబ్దం కొంచెం తగ్గుతుంది. మాట వినడానికి దానివల్ల ఏ లోటూ లేదు. పొందూరు ఖద్దరు దొరక్కపోతే పాత నూలు పంచె ఏదైనా సరే.

3. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఒక్క చెవికే కొనండి

"రెండు చెవులుండగా ఒక్కదానికే ఏటన్నా?" అని మా తమ్ముడు అడిగాడు. రెండో చెవి మనది, మన ఇంటిది కాబట్టి.

ఊళ్లో పని మొదలుపెట్టిన కొత్తలో నేను రెండు చెవులూ మూసేసే హెడ్‌సెట్ పెట్టుకునేవాణ్ణి. మా అమ్మ గుమ్మంలో నిలబడి పిలిచేది. నాకు వినపడేది కాదు. ఒకరోజు దగ్గరికొచ్చి భుజం తట్టి, "సెవుల్లో ఏటెట్టుకున్నావురా, పిలిస్తే పలకవూ?" అంది. కోపంగా అనలేదు, దిగులుగా అంది. ఆ దిగులు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇంట్లో ఉండి కూడా ఇంట్లో లేనివాణ్ణయ్యాను.

ఒక్క చెవి హెడ్‌సెట్‌లో ఇంకో మేలుంది. రెండు చెవులూ మూసుకుంటే మన గొంతు మనకు బుర్రలోనే బొంగురుగా మోగుతుంది, బయటికి ఎంత గట్టిగా వెళ్తోందో అంచనా అందదు. తెలియకుండానే అరుస్తాం. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. ఒక చెవి తెరిచుంటే మన గొంతు మనకు మామూలుగా వినపడి, మామూలుగానే మాట్లాడతాం. గంటకోసారి చెవి మార్చుకుంటే ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి ఆరుతుంది. కొనేటప్పుడు మైకు కాడ రెండు వైపులకూ తిరుగుతుందో లేదో చూడండి. తిరగకపోతే చెవి మార్చడం కుదరదు.

చుట్టూ పదిమంది మాట్లాడే ఆఫీసైతే మాత్రం ఈ సలహా పాటించకండి. తెరిచిన చెవిలో గోల పడితే మూసిన చెవిలో సౌండు పెంచుతాం. అది ఇంకా చెరుపు. అక్కడ రెండు చెవులనూ పూర్తిగా కప్పేదే మంచిది.

4. వైరు ఉన్నదే కొనండి

వైరు లేనిదే కొత్తది, వైరున్నది పాతకాలపుది అంటారు. రోజంతా కూర్చున్నచోటే పనిచేసే మనిషికి వైరే మేలు.

వైరు లేనిదానికి బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ బరువు తల మోస్తుంది. రెండేళ్లు పోతే ఆ బ్యాటరీ నీరసించి, మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. ఇంకో సంగతి షాపువాళ్లు చెప్పరు. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట వింటున్నంతసేపూ శబ్దం బాగుంటుంది. మైకు ఆన్ అవగానే అది కాల్స్ కోసం ఉన్న వేరే పద్ధతిలోకి మారి, వినిపించే శబ్దమూ మన గొంతూ రెండూ నలిగిపోతాయి. షాపులో విన్నది ఒకటి, కాల్‌లో వచ్చేది ఒకటి. యూఎస్‌బీ వైరుకు ఆ బాధ లేదు.

మా కవిటి ఉద్దానం ప్రాంతంలో ఉంది. చార్జింగ్ విలువ నాకు అక్కడే తెలిసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు పడుకున్నట్టు పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ట్రాక్టరు బ్యాటరీ దగ్గర వరసలో నిలబడి ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నాం. అప్పటినుంచి నాదొకటే నియమం: చార్జింగ్ పెట్టాల్సిన వస్తువు ఇంట్లో ఒకటి తక్కువుంటే కష్టకాలంలో ఒక దిగులు తక్కువ. వైరు హెడ్‌సెట్ లాప్‌టాప్ కరెంటుతోనే బతుకుతుంది.

పిన్ను చూసి కొనండి. యూఎస్‌బీ అయితే ఏ కంప్యూటర్‌కైనా పట్టే అవకాశం ఎక్కువ. గుండ్రటి పిన్నయితే, దాని మీద మూడు నల్ల గీతలుంటే మైకుతో కలిపి ఒకటే పిన్ను, లాప్‌టాప్‌కి పడుతుంది. పాత కంప్యూటర్లకు మైకుకు గులాబీ రంగు, వినడానికి ఆకుపచ్చ రంగు అని రెండు పిన్నులుంటాయి. వైరును చొక్కాకు పట్టించే క్లిప్పు ఉంటే మెడ తిప్పినప్పుడు లాగదు. కుర్చీ చక్రాల కిందికి పోదు.

5. మన చెవికి నిశ్శబ్దం కొనకండి, అవతలివాళ్లకు కొనండి

బయటి శబ్దాన్ని ఆపే హెడ్‌సెట్ అని డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. ఆ నిశ్శబ్దం ఎవరికో చూడండి. ఎక్కువగా అది పెట్టుకున్నవాళ్లకే. ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజను లాంటి ఒకే తీరు హోరును ఆ యంత్రం బాగా ఆపుతుంది. కుక్కర్ కూతను, పక్కింటి మాటలను, గుడి మైకును అంతగా ఆపలేదు. మన ఊళ్లలో ఉండేవి ఇవే.

ఫోన్లో అటువైపున్న మనిషికి వినిపించేది మన మైకు. డబ్బు దాని మీద పెట్టండి. నోటిదాకా వచ్చే కాడ ఉన్న మైకు మాటను పట్టుకున్నట్టు, చెవి దగ్గరే ఉండిపోయే చిన్న మైకు పట్టుకోలేదు. శబ్దం దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. కాబట్టి నోటికి దగ్గరున్న మైకులో మన గొంతు ముందుంటుంది, కుక్కర్ వెనక పడుతుంది.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజున ఊరంతా మైకులే. అది విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. సెలవు దొరకని ఏడాది ఆ రోజు కూడా నేను కాల్స్ తీసుకున్నాను. నోటి పక్కనున్న మైకు వల్ల అటువైపు వాళ్లకు నా మాటే ముందు వినిపించింది. కాడను నోటికి సూటిగా పెట్టకండి. పెదవి మూలకు రెండు వేళ్ల వెడల్పు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. సూటిగా పెడితే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా ఊపిరి మైకుకు తగిలి, అవతలివాళ్ల చెవిలో దబ్‌మంటుంది. తెలుగులో ఆ అక్షరాలు అడుగడుగునా వస్తాయి. "బాబూ, భయపడకండి, ఫోన్ పెట్టకండి" అని ఒకసారి రికార్డు చేసుకుని విని, కాడను సరిచేసుకోండి.

6. తక్కువగా వినిపించేదే మంచిదనుకోండి

శబ్దం ఎంత పెద్దగా వస్తుందో చూసి కొనేవాళ్లే ఎక్కువ. నేను ఎంత చిన్నగా పెట్టినా మాట అర్థమవుతుందో చూడమంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినదగ్గ శబ్దం 80 డెసిబెల్స్. అక్కడినుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగ్గ సమయం సగానికి పడుతుంది. 90 దగ్గరికి వచ్చేసరికి అది వారానికి 4 గంటలే. మన ఉద్యోగం వారానికి 45, 50 గంటలు. ఒక్కో గీత సౌండు పెంచడం చిన్న పనిలా ఉంటుంది, చెవికి మాత్రం అది సమయాన్ని కోసేయడం.

వినికిడి పోతే ఏమవుతుందో మన జిల్లాకు తెలుసు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగారు. ఆ తిరుగుళ్లలో పట్టిన జ్వరానికి క్వినైన్ వాడితే ఆయన వినికిడి దెబ్బతింది. ఎదుటివాళ్ల నోట పలికే భాషను విని, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టిన మనిషి ఆయన. వాడుక మాటే అసలు భాష అని జీవితాంతం పోరాడిన ఆ చెవులకే ఆ దెబ్బ తగిలింది. ఆయనకది మందు వల్ల వచ్చిన నష్టం, తప్పించుకునే దారి లేదు. మనం మన వేలితో సౌండు పెంచి తెచ్చుకునే నష్టానికి తప్పించుకునే దారి ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు.

పొద్దున్నే పని మొదలుపెట్టేముందు సౌండు ఒకచోట పెట్టండి. చెయ్యి చాపినంత దూరంలో కూర్చున్న మనిషి మామూలుగా మాట్లాడితే హెడ్‌సెట్ ఉండగానే వినపడాలి, అదీ కొలత. రోజంతా దాన్ని పెంచకండి. అటువైపు మాట వినపడకపోతే "మళ్లీ చెప్పండి బాబూ" అని అడగండి. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

7. కమ్మలు, కళ్లజోడు తీయకుండా కొనండి

షాపులో హెడ్‌సెట్ పెట్టుకునేముందు ఆడపిల్లలు బుట్టలు తీసి చేతిలో పట్టుకుంటారు, కళ్లజోడున్నవాళ్లు దాన్ని జేబులో పెట్టుకుంటారు. అలా చేస్తే ఇంకెవరి తలకో కొంటున్నట్టే. రోజూ ఏవి పెట్టుకుంటారో అవి పెట్టుకునే చూడండి.

చెవి మీద ఆనే చిన్న మెత్తలు దిద్దు శీలను చర్మంలోకి నొక్కుతాయి. చెవిని మొత్తం లోపలికి తీసుకునే పెద్ద మెత్తలైతే దిద్దులకు చోటుంటుంది. కళ్లజోడు కాడ మెత్తకూ కణతకూ మధ్య ఇరుక్కుంటే గంటలో తలనొప్పి మొదలవుతుంది. సన్నటి కాడలున్న కళ్లజోడు, మెత్తటి స్పాంజి ఉన్న మెత్తలు ఆ బాధ తగ్గిస్తాయి. జడ ఎత్తి కట్టుకునేవాళ్లు పట్టీ జడ ముందుకు ఆనుతుందో వెనక్కి జారుతుందో చూసుకోవాలి.

కొన్నాక బిగుతుగా అనిపిస్తే పారేయకండి. మీ తలకంటే ఒక వేలు వెడల్పు ఎక్కువ ఉండేలా పుస్తకాలు పేర్చి, ఇనుప పట్టీ ఉన్న హెడ్‌సెట్‌ను రాత్రంతా వాటికి తొడిగి ఉంచండి. రెండు మూడు రాత్రులకు పట్టు సడలుతుంది. ప్లాస్టిక్ పట్టీకి ఇది చేయకండి, విరుగుతుంది.

8. ఖరీదైనది ఒకటి కాదు, మామూలువి రెండు కొనండి

6000 పెట్టి ఒకటి కొనేకంటే 3000 చొప్పున రెండు రకాలు కొనండి. ఎంత మంచి హెడ్‌సెట్టయినా ఒకే చోట నొక్కుతుంది. ఆ చోటును మార్చడమే మందు. పొద్దున చెవిని కప్పేది, మధ్యాహ్నం నుంచి ఒక్క చెవిదీ పెట్టుకుంటాను. పొద్దున నొక్కుడు పడ్డ ఎముకకు మధ్యాహ్నం విశ్రాంతి. ఒకటి పాడైన రోజున పనీ ఆగదు.

చెవి లోపల దూర్చేవాటిని రోజంతా వాడే జతలో చేర్చకండి. మన తేమలో మూసుకున్న చెవి కాలువ తడిగా ఉండిపోయి బూజు చేరే ప్రమాదం ఉంది. దురద పుట్టిందని కొబ్బరినూనె పోయకండి, పిన్నీసు పెట్టకండి. చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

9. ముందు మేకు కొనండి, తర్వాత హెడ్‌సెట్

నాకు బాగా పనికొచ్చిన వస్తువు ఒక మేకు. కూర్చున్నచోటి నుంచి చేతికందనంత దూరంలో గోడకు కొట్టాను. హెడ్‌సెట్ తీసినప్పుడల్లా దానికే తగిలించాలి, బల్ల మీద పెట్టకూడదు. తగిలించాలంటే లేవాలి. లేస్తే నడుం సాగుతుంది, చెవికి గాలి తగులుతుంది, ఒక గ్లాసు నీళ్లు తాగుతాం. గంటకోసారి 5 నిమిషాలు ఆ మేకు దగ్గరికి వెళ్లిరావడం కంటే మంచి హెడ్‌సెట్ నేను ఏ షాపులోనూ చూడలేదు. కాల్ లేనప్పుడు కూడా తల మీదే ఉంచుకోవడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానితేనే పైన చెప్పిన ఎనిమిదీ పనిచేస్తాయి.

మా విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పారు. వందేళ్లకు పైగా చెవిని సానబెట్టుకుంటూ వచ్చిన ఊరు ఇది. ఆ ఊళ్లో కూర్చుని ఉద్యోగం కోసం చెవి పాడుచేసుకోవడం నాకు మనసొప్పదు.

తమ్ముడికి చివరికి ఇదే చెప్పాను. వాడు ఏ మోడల్ కొన్నాడో ఇంకా అడగలేదు. ఆదివారం వాడి గదికి వెళ్లినప్పుడు ముందు గోడ చూస్తాను.